మెల్లగా పేలితే భయపడండి

ఏలూరులో తుపాకులు బాగుచేసే మేస్త్రి గారు పోయారని వాళ్ళమ్మాయి ఫోను చేసింది. "నాన్నగారు తెల్లారగట్ల ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారండీ. నిద్రలోనే. ఎవరెవరికి చెప్పాలో ఎప్పుడో కాగితం మీద రాసి పెట్టుకున్నారు. అందులో మీ పేరే ముందుంది" అంది. అలాంటప్పుడు మనిషన్నవాడు అయ్యో అనాలి. నేను అనలేదు. "చేతులు?" అన్నాను. యాభై దాటిన మనిషిని, ఏం అడుగుతున్నానో నాకే తెలియలేదు. ఆ అమ్మాయికి మాత్రం తెలిసింది. "పది వేళ్ళూ ఉన్నాయండీ" అని ఏడుపులోనే కాస్త నవ్వింది.

జీవితమంతా తుపాకుల మధ్య గడిపి పది వేళ్ళతో పోవడం ఆయన లెక్కలో మామూలు సంగతి కాదు. ఎవరైనా కొత్తవాళ్ళు కొట్టు మెట్లెక్కి, ఈ ముసలాయనకి పని వచ్చా రాదా అన్నట్టు చూస్తే, రెండు చేతులూ ఎత్తి వేళ్ళు విప్పి చూపించేవారు. "ఇదేనండీ మా సర్టిఫికెట్టు. తనిఖీ చేసుకోండి" అనేవారు. కొందరు నిజంగానే వేలు పెట్టి లెక్కపెట్టేవారు. మనవాళ్ళు దేన్నీ ఊరికే నమ్మరు.

అప్పట్లో నేను ఏలూరులో ఒక ఆఫీసులో తుపాకీ లైసెన్సుల రెన్యువల్ ఫైళ్ళు చూసేవాణ్ణి. కాపురం తాడేపల్లిగూడెంలో. పొద్దున్న పాసింజరు బండెక్కడం, సాయంత్రం పాసింజరు బండెక్కడం, మధ్యలో ఫైళ్ళు. జిల్లాలో ఉన్న తుపాకులన్నీ కాగితం మీద నా చేతి కిందే ఉండేవి గానీ, అసలు తుపాకీని నేను ఒక్కనాడూ ముట్టుకోలేదు. ఒకసారి ఒక పాత తుపాకీ మీద నంబరు అరిగిపోయి, ఫైల్లో నంబరుతో సరిపోవడం లేదు. మేస్త్రి గారైతే చదువుతారని ఎవరో చెబితే పవర్‌పేట స్టేషన్ దగ్గర సందులో ఉన్న ఆయన కొట్టుకి వెళ్ళాను. మనిషి సన్నగా, తెల్ల లాల్చీ, ముక్కు మీద బరువైన కళ్ళద్దాలు. నేను జేబులోంచి పెన్ను తీసి నంబరు రాసుకోబోయాను. ఆయన ఎంతో మర్యాదగా నా మణికట్టు పట్టుకుని, పెన్ను పాళీ గోడవైపు తిప్పారు.

"ఇది పెన్నండీ" అన్నాను, కాస్త కోపంగానే.

"ఆయ్, పెన్నేనండీ. అలవాటు తప్పకూడదని" అన్నారు.

ఆ కొట్టులో ఏ మొనా మనిషివైపు చూడకూడదు. మూల ఇసుక బస్తా ఒకటుండేది. తుపాకులన్నీ దానివైపు తిరిగి కూర్చునేవి. గొడుగు తెచ్చినవాడు గొడుగు కొన దానివైపే పెట్టాలి. గోలీసోడా తాగినా, సీసా మూతి బస్తావైపు తిప్పి గోలీ నొక్కేవారు. ఒకసారి ఒక రైసుమిల్లు ఆసామి కోపంతో వేలు చూపించి మాట్లాడుతుంటే, "మీరన్నది నిజమేనండీ, కాస్త ఆ వేలు మాత్రం పక్కకి తిప్పండి" అన్నారు. ఆసామికి తిట్టడం మర్చిపోయి నవ్వొచ్చింది.

"తుపాకీకి రెండు చివర్లండీ. ముందు చివర గురించి లోకమంతా భయపడుతుంది. వెనక చివర గురించి భయపడేవాడు కూడా ఒకడుండాలి కదా. ఆ ఉద్యోగం నాది" అనేవారు.

ఇక మర్యాద సంగతి చెప్పాలి. మా గోదావరి జిల్లాల్లో అండీ అనకుండా ఎవరూ మాట్లాడరు, అది గొప్పేం కాదు. ఈయన తుపాకుల్ని కూడా మీరు అనేవారు. ఒంటి గొట్టం తుపాకీ పెద్దాయన గారు. జంట గొట్టాలది దంపతులు. తుప్పు పట్టి వస్తే "వారికి ఒంట్లో బాగోలేదండీ, వారం రోజులు మా ఇంట్లో ఉంటారు" అనేవారు. చవక పిస్తోళ్ళకి మాత్రం ఒకటే పేరు, కొత్త అల్లుడు గారు. "ఎప్పుడు అలుగుతారో, ఎందుకు అలుగుతారో మనకి తెలియదండీ. అలిగారంటే మాత్రం మావగారి వేలు పోతుంది" అనేవారు.

మరమ్మతుతో పాటు తూటాలు నింపడానికి కూడా ఆయనకి కాగితం ఉంది. ఫ్యాక్టరీ తూటాలు దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. అందుకని పేల్చేసిన ఖాళీ తూటాలు తెచ్చిస్తే, మళ్ళీ మందు పోసి, గుండు బిగించి ఇచ్చేవారు. ఆ పనికి కూర్చునేటప్పుడు చేసే తంతు నేనింకెక్కడా చూడలేదు. కంసాలి తక్కెడ ముందు పెట్టుకుని, చెంబెత్తి నోటినిండా నీళ్ళు పోసుకునేవారు. మింగరు, ఉమ్మరు. బుగ్గలు రెండూ బూరెల్లా ఉబ్బించుకుని ఒక్కొక్క తూటాలో మందు తూచి పోసేవారు. వరస పూర్తయ్యాక బయటికెళ్ళి ఆ నీళ్ళు పుక్కిలించి, అప్పుడు నోరు విప్పేవారు.

"ఇదేం వ్రతమండీ?" అని అడిగాను ఒకసారి.

"వ్రతం కాదండీ, పిరికితనం. సందులో పోయేవాళ్ళు ఏవండీ మేస్త్రి గారూ అని పలకరిస్తారు. పెద్దమనిషి పలకరిస్తే పలక్కుండా ఎలా ఉంటామండీ? పొగరనుకోరూ? పలికితే లెక్క తప్పుతాను. నోట్లో నీళ్ళుంటే ఎవరూ ఏమీ అనుకోరు, నేనూ పలకలేను" అన్నారు. ఎప్పుడైనా పొరపాటున నోరు విప్పితే అప్పటిదాకా పోసిన మందంతా తిరిగి డబ్బాలో ఒంపేసి, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టేవారు. అది ఆయన పెట్టుకున్న రూలు.

తూటా ఇచ్చేటప్పుడు ప్రతివాడికీ ఒకే మాట చెప్పేవారు. "గట్టిగా పేలితే భయపడకండి. మెల్లగా పేలితే భయపడండి." అదేమిటంటే ఇలా చెప్పేవారు. మందు పడని తూటా కొడితే వెనక నిప్పు రాజేసే చిన్న టోపీ ఒక్కటే పేలుతుంది. శబ్దం టుప్ మంటుంది. ఆ కాస్త జోరుకి గుండు బయటికి రాదు, గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. చూసేవాళ్ళకి నవ్వొస్తుంది. చేతిలో పట్టుకున్నవాడికి సిగ్గేస్తుంది. సిగ్గుతో రెండోది నొక్కాడా, దారి మూసుకుపోయిన గొట్టంలో అది గుండెలవిసేలా పేలి, గొట్టం చేతిలోనే పగులుతుంది. "చప్పుడు చిన్నదైతే తుపాకీ కింద పెట్టి నా దగ్గరికి రండి. అర్ధరాత్రైనా సరే, తిట్టుకోను" అనేవారు.

ఈ మాటలు నేను ఎన్నిసార్లు విన్నానో. విన్నాక చేసింది మాత్రం వేరు. అదే చెప్పబోతున్నాను.

మా బావగారు, అంటే మా అక్క భర్త, గణపవరం అవతల చేపల చెరువులు చేసేవారు. మంచి మనిషి, పెట్టే చెయ్యి. ఒక్కటే జబ్బు, చవకంటే చెవి కోసుకుంటారు. చవకలో వచ్చిందని మూడు పంపుసెట్లు కొని మూడింటినీ చెరువుగట్టు మీద శవాల్లా పడేశారు. ఆయనకి చెరువుల దగ్గర దొంగల బెడద ఉందని పిస్తోలు లైసెన్సు వచ్చింది. ఉండి అనే ఊరి దగ్గర ఎవరో అమ్మేస్తుంటే ఒక పాత పిస్తోలు చవకలో కొన్నారు. కాగితాలన్నీ నేనే చూశాను. కాగితాల్లో ఒక్క తప్పు లేదు. తప్పంతా ఇనుములోనే ఉంది.

అక్కనీ బావగారినీ వెంటబెట్టుకుని మేస్త్రి గారి కొట్టుకి తీసుకెళ్ళాను. ఆయన పిస్తోలు చేతిలోకి తీసుకుని, ఇసుక బస్తావైపు తిప్పి, విప్పి, ముక్క ముక్కా చెవి దగ్గర పెట్టుకుని విని, "కొత్త అల్లుడు గారేనండీ" అని నిట్టూర్చారు.

"పనికొస్తుందా రాదా, అది చెప్పండి" అన్నారు బావగారు.

"చవక చెప్పు కరిస్తే కాలికి బొబ్బ లేస్తుందండీ. చవక పిస్తోలు కరిస్తే బొబ్బ లేవడానికి వేలుండదు."

అక్క బావగారివైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. "ఇన్నాళ్ళూ చెవే కోసుకున్నారు, ఇప్పుడు వేళ్ళు కూడానా?" అంది.

ఊరి బయట ఇటుకల బట్టీ వెనక పరీక్ష పెట్టారు. పిస్తోలుని లారీ టైరుకి కట్టేసి, ట్రిగ్గరుకి పురికొస కట్టి, మేమంతా గోడ వెనక చేరాం. ఆయన చెవులు మూసుకుని, కళ్ళు కూడా మూసుకుని, "ప్రభువా, మీదే భారం" అని కొస లాగేవారు. ఫ్యాక్టరీ తూటాలు ఎనిమిది కొడితే మూడుసార్లు ఖాళీ తూటా బయటికి రాకుండా ఇరుక్కుంది. ప్రతిసారీ బావగారు వెళ్ళి, పైభాగం చేత్తో వెనక్కి లాగి, దాన్ని దులిపి, "ఇంతే కదండీ, లాగితే సరి, మళ్ళీ నొక్కితే సరి" అన్నారు.

"అదేనండీ నా భయం. లాగడం, నొక్కడం మీకు అలవాటైపోతుంది" అన్నారు మేస్త్రి గారు. ఆనాడు వేళ్ళు మడిచి మరీ చెప్పారు. "నమ్మకం వేరు, క్షేమం వేరండీ. పేలమన్నప్పుడు పేలకపోతే నమ్మకం లేనట్టు. వద్దన్నచోట పేలితే క్షేమం లేనట్టు. అల్లుడు గారికి మొదటి జబ్బుంది, కొంత నయం చేస్తాను. రెండోది వారి చేతిలో లేదు. తూటా నింపేవాడి చేతిలో ఉంది."

"అయితే మీరే నింపండి" అంది అక్క. "ఈయన వద్దంటే మానే మనిషి కాదండీ. మీరు కాదంటే ఇంకా చవకలో ఇంకెవడో దగ్గర నింపించుకొస్తారు. ఈయన చెయ్యి మీ పూచీ, మేస్త్రి గారూ."

ఆయన పిస్తోలుని టైరు మీంచి విప్పి గుడ్డలో చుట్టారు. తర్వాత "పూచీ నాదేనమ్మా" అన్నారు.

రెండేళ్ళు ఏ గొడవా లేదు. బావగారు పట్టుబడి రోజున, అంటే చెరువులో వల లాగి చేపలు లారీకెక్కించిన రోజున, రెండు తూటాలు కాల్చేవారు. మొదట్లో ఆకాశంలోకి కాల్చేవారు. "పైకెళ్ళింది దిగిరాదా అండీ?" అని మేస్త్రి గారు ఒక పూటంతా క్లాసు తీసుకుని, గట్టు బురదలోకి కాల్చే ఏర్పాటు చేయించారు. పిస్తోలు అలిగినప్పుడల్లా బావగారు లాగి, నొక్కి, నవ్వేవారు. అది ఆయనకి ముక్కు చీదడమంత మామూలైపోయింది.

మూడో ఏడు ఒక మధ్యాహ్నం నాకు ప్రమోషన్ ఆర్డరొచ్చింది. సూపరింటెండెంటు! పదిహేనేళ్ళు ఎదురుచూసిన కాగితం. ఇంటికి ఫోను చేయడం కంటే ముందు కాళ్ళు మేస్త్రి గారి కొట్టువైపు పరుగెత్తాయి. ఎందుకో నాకు తెలుసు. మా ఆఫీసులో ఎవరికీ నిజంగా సంతోషం వెయ్యదు, ఆయనకి వేస్తుంది. గుమ్మంలోంచే అరిచాను. "మేస్త్రి గారూ, సూపరింటెండెంటునయ్యానండీ!"

ఆయన తక్కెడ ముందున్నారు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి, కళ్ళు పెద్దవి చేసి, ఆ నీళ్ళు గుటుక్కున మింగేశారు. "ఏవండోయ్! ఎంత మంచి మాట చెప్పారండీ! కూర్చోండి, కూర్చోండి సూపరింటెండెంటు గారూ" అని నా రెండు చేతులూ పట్టుకున్నారు. సోడా తెప్పించారు, పాలకోవా తెప్పించారు. నా ఉద్యోగం కథంతా మొదట్నుంచి చెప్పించుకున్నారు. అరగంట పోయాక, నేనింకా చెబుతుండగానే, తక్కెడ ముందు కూర్చుని ఆపిన చోటి నుంచి పని అందుకున్నారు.

మందు తిరిగి ఒంపలేదు. నేను చూశాను. రూలు నాకు తెలుసు. "మొదట్నుంచి మొదలెట్టరా?" అని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కోవా బాగుంది, నా కథ ఇంకా అవ్వలేదు. ఊరుకున్నాను. అవి మా బావగారి తూటాలు.

పట్టుబడికి ఆ ఏడు బావగారు మేస్త్రి గారిని పట్టుబట్టి పిలిచారు. నేనూ వెళ్ళాను. పొద్దెక్కేసరికి వల లాగడం అయింది. చెరువు చుట్టూ కొంగలు, లారీ నిండా ఐసు, కూలీలంతా బురదలో తడిసి హుషారుగా ఉన్నారు. మేస్త్రి గారు అందరినీ బావగారి వెనక్కి జరిపి, తాను బోర్లించిన చేపల ట్రే మీద టీ గ్లాసుతో కూర్చున్నారు.

మొదటిది ఢామ్మంది. కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. కూలీలు ఈలలు వేశారు.

రెండోది టుప్ మంది.

"అయ్యగారి పిస్తోలు తుమ్మిందిరోయ్!" అన్నాడెవడో. గట్టంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా. బావగారి మొహం ఎర్రబడింది. అలవాటైన చెయ్యి పైభాగాన్ని వెనక్కి లాగింది. మళ్ళీ గురి పెట్టింది.

"ఒరేయ్! ఆపరా!"

అది మేస్త్రి గారి గొంతని నాకు వెంటనే తట్టలేదు. కుక్కని కూడా "కాస్త అవతలికి వెళ్ళండి" అనే మనిషి. టీ గ్లాసు ఎటో ఎగిరింది. ఆ వయసులో, ఆ జారుడు గట్టు మీద, లుంగీ పైకెగగట్టే తీరిక కూడా లేకుండా పరుగెత్తి, బావగారి మణికట్టు రెండు చేతులతో పట్టి బురదవైపు నొక్కారు. ఇద్దరూ కాలుజారి మోకాళ్ళ లోతు నీళ్ళలో కూలబడ్డారు.

"ఏంటండీ ఇది! నలుగురిలో నన్ను పట్టుకుని ఒరేయ్ అంటారా?" అన్నారు బావగారు నీళ్ళలోంచే.

"క్షమించండి బాబూ. తర్వాత ఎన్నైనా తిట్టండి. ముందు ట్రిగ్గరు మీద వేలు తియ్యండి."

వేలు తీశారు. మేస్త్రి గారు పిస్తోలు తీసుకుని, తూటాలు దులిపి, గట్టెక్కి, టుప్ మన్న ఖాళీ తూటా వెతికి జేబులో వేసుకుని, ఒక చీపురుపుల్ల అడిగారు. విప్పిన గొట్టంలోకి ఆ చివర నుంచి పుల్ల దూర్చారు. సగంలో ఆగిపోయింది. ఈ చివర నుంచి దూర్చారు. మళ్ళీ సగంలోనే ఆగింది. గుండు మధ్యలో కూర్చునుంది. ఆ పుల్లని కూలీలందరికీ చూపించారు, బావగారికి చూపించారు. ఎవరూ నవ్వలేదు. బావగారు తన కుడిచెయ్యి తానే చూసుకుని ఆ బురదలోనే చతికిలబడ్డారు.

కబురు మాకంటే ముందే అక్క ఇంటికి చేరింది. భోజనాలకి కూర్చునేసరికి మేస్త్రి గారు దేవుడైపోయారు. కొర్రమీను పులుసు ఆయన విస్తట్లో చెరువయ్యేలా పోసింది అక్క. కళ్ళు తుడుచుకుంటూ, "ఆ దరిద్రపు చవక పిస్తోలు మీద మన్నుపొయ్య. మీరు లేకపోతే ఆయన చెయ్యి ఏమయ్యేదండీ?" అంది. వచ్చినవాళ్ళంతా వంతులేసుకుని పిస్తోలుని తిట్టారు. దాని తండ్రిని తిట్టారు. అమ్మినవాడి ఊరిని తిట్టారు.

మేస్త్రి గారు ముద్ద ముట్టలేదు. ఆ ఖాళీ తూటా జేబులోంచి తీసి, వెలుతురుకి పెట్టి లోపలికి చూశారు. వాసన చూశారు. మళ్ళీ చూశారు. తర్వాత విస్తరి ముందు నుంచి లేచి, అక్క దగ్గరికెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అమ్మా, అల్లుడు గారిని తిట్టకండి. ఇవాళ మాత్రం వారిది తప్పు కాదు. ఈ తూటాలో మందు లేదు. నేను పొయ్యలేదు."

అక్కకి అర్థం కాలేదు. "మీరు నోట్లో నీళ్ళు పోసుకుని నింపుతారటగా?"

"ఆరోజు పని మధ్యలో ఒకరు పలకరించారమ్మా. పలికాను. పలికితే మొదట్నుంచి మొదలెట్టాలి. మొదలెట్టలేదు. పూచీ నాదని మీకు మాటిచ్చిన నోరే."  ఆ ముసలాయన అంతమందిలో, చిన్నపిల్లవాడిలా, కళ్ళద్దాల కింద నుంచి కారిపోతుంటే తుడుచుకోకుండా ఏడ్చారు.

"ఎవరండీ ఆ పలకరించింది, బుద్ధిలేని మనిషి?" అంది అక్క.

"ఎవరైతేనేం అమ్మా. పలికింది నేను."

నావైపు చూడలేదు. కనీసం చూపు నావైపు రాకుండా జాగ్రత్తపడుతున్నట్టు కూడా కనపడలేదు. ఆ గదిలో నేను లేనట్టే మాట్లాడారు.

బావగారు లేచి ఆయన భుజం పట్టుకున్నారు. "మేస్త్రి గారూ, మేమంతా పిస్తోలునే తిడుతున్నాం కదండీ. మీరు చెప్పకపోతే మాకు తెలిసేదా?"

"తెలిసేది కాదండీ. అందుకే చెప్పాను."

నేను నోరు తెరిచాను. ఒట్టు, చెబుదామనే తెరిచాను. కొత్త సూపరింటెండెంటుని, చుట్టూ బంధువులు, అక్క అప్పటికే బుద్ధిలేని మనిషి అనేసింది. తెరిచిన నోట్లో ముద్ద పెట్టుకున్నాను.

ఆ వారం ఆయన బావగారి దగ్గరున్న తూటాలతో పాటు, తాను నింపి ఇచ్చినవి ఎవరెవరి దగ్గరున్నాయో అన్నీ వెనక్కి తెప్పించారు. కొన్నిటికి బస్సెక్కి తానే వెళ్ళారు, వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ జరిగింది జరిగినట్టు చెప్పారు. అన్నీ కొట్టులో బల్ల మీద ఒక్కొక్కటీ విప్పారు. నేను పక్కనే కూర్చున్నాను. అన్నిటిలోనూ మందు తూచినట్టు సరిగ్గా ఉంది. ఆ ఒక్కటే. "ఒక్కటి చాలు కదండీ" అని తక్కెడ గుడ్డలో చుట్టి పైన పెట్టేశారు. ఆ తర్వాత ఒక్క తూటా కూడా నింపలేదు. ఎంతమంది వచ్చి బతిమాలినా, "నా చేతులు బాగానే ఉన్నాయండీ, నా నోరే మంచిది కాదు" అనేవారు.

బావగారి పిస్తోలు కథ ఇంకా తేలిగ్గా ముగిసింది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి కదా. ఆ తర్వాతొచ్చిన ఎన్నికలకి అందరికంటే ముందు వెళ్ళి అప్పగించారు. ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం మారింది, అందరూ ఎవరి తుపాకులు వాళ్ళు తెచ్చుకున్నారు. ఈయన మాత్రం స్టేషన్ ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టుతిరిగి వెళ్ళేవారు.

నేను మేస్త్రి గారి కొట్టుకి వెళ్ళడం మానలేదు. వెళ్ళిన ప్రతిసారీ చెబుదామనే వెళ్ళేవాణ్ణి. "మేస్త్రి గారూ, ఆరోజు నేను..." అని ఎత్తుకుంటే చాలు, ఆయన ఏదో ఒక మాట అందుకునేవారు. కొల్లేట్లో నీళ్ళెలా ఉన్నాయనో, మా ఆఫీసులో బదిలీలెప్పుడనో. నా నోటి నుంచి ఆ మాట రాకుండా చూసుకోవడం కూడా తన పూచీయే అనుకున్నారో ఏమో. నాకది ఎంత హాయిగా ఉండేదో చెప్పుకోవాలంటే సిగ్గు. ఆయన ఆపుతున్నారు కదా, నా తప్పేముంది అని సమాధానపడి, బండి టైముకి లేచొచ్చేసేవాణ్ణి. అలా ఆరేళ్ళు.

సమాధి అయిన మూడో రోజు చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. మగవాళ్ళం ఎడమవైపు, ఆడవాళ్ళు కుడివైపు. అక్కా బావగారూ పొద్దున్నే గణపవరం నుంచి వచ్చారు. ఆయన గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పండి అన్నారు పాస్టరు గారు. బావగారు లేచారు. కుడిచెయ్యి పైకెత్తి, వేళ్ళు విప్పి, "ఇది ఆయనిచ్చిందండీ" అన్నారు. అంతే, కూర్చున్నారు.

తర్వాత నన్ను పిలిచారు. నేను రాసుకుని వెళ్ళాను, నాలుగు పేజీలు. ఆఫీసు భాషలో, మంచి మాటలు. కీర్తిశేషులు, నిరాడంబరులు, ఇలాంటివన్నీ. కాగితం విప్పాను. ముందు వరసలో వాళ్ళమ్మాయి కూర్చునుంది. ఆ కాగితం చదవడం నా వల్ల కాలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఆ తూటా నింపే రోజున ఆయన్ని పలకరించింది నేను" అన్నాను. "నాకు ప్రమోషన్ వచ్చిందని గుమ్మంలోంచి అరిచాను. ఆయన మందు తిరిగి ఒంపకుండా పని అందుకోవడం చూశాను. చూసి కూడా, కోవా తింటూ ఊరుకున్నాను. మా అక్క ఇంట్లో ఆయన నిలబడి తప్పంతా తనదేనని ఏడుస్తుంటే, అప్పుడూ ఊరుకున్నాను. ఆయనకి అంతా తెలుసు. ఒక్కరోజు కూడా నన్ను అడగలేదు."

 పాస్టరు గారు పుస్తకం వైపు చూస్తున్నారు. కుడివైపు నుంచి మా అక్క లేచి నిలబడింది. మా అక్కకి చర్చి అయినా చేపల మార్కెట్టు అయినా ఒకటే గొంతు.

"ఆరేళ్ళా! ఒరేయ్, ఆ పెద్దాయన నా ముందు నిలబడి అలా ఏడుస్తుంటే, నువ్వు కూర్చుని పులుసు పోయించుకున్నావట్రా?"

మేస్త్రి గారి అమ్మాయి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. అందరూ నావైపే చూస్తున్నారు.

"పోయించుకున్నానక్కా" అన్నాను. "రెండుసార్లు."